భాగపత్రం చెప్పేది, చెప్పనిది: సరిహద్దు రైతు ఆస్తి పంపకంపై విమర్శనాత్మక పఠనం

1. పాఠం ఉద్దేశం

సాహిత్య విమర్శ అనగానే మీకు కావ్యం, కథ, నవల గుర్తుకు వస్తాయి. కాని మన ఇళ్లలో ఇనప్పెట్టెల్లో, గుడ్డసంచుల్లో మడతలు పడి ఉండే కాగితాలు కూడా రచనలే. వాటికీ ఒక ప్రక్రియ ఉంది, భాష ఉంది, సంప్రదాయం ఉంది. కథ ఎవరిని నాయకునిగా నిలిపిందో, ఎవరిని పక్కకు నెట్టిందో పరిశీలించినట్లే ఆ కాగితాలను కూడా పరిశీలించవచ్చు. ఈ పాఠంలో అలాంటి ఒక రచనను చదువుతాం. అది భాగపత్రం. రాయలసీమలో దీన్నే పారికత్తు అని కూడా అంటారు. దస్తావేజు లేఖరులు భాగపరిష్కార పత్రం అని రాస్తారు.

ఈ పాఠం చదివిన తర్వాత మీరు ఒక భాగపత్రం ఏయే అంశాలను వివరంగా చెబుతుందో, వేటిని ఒక్క వాక్యంతో దాటవేస్తుందో గుర్తించగలగాలి. ఆ దాటవేత వెనుక ఉన్న ఆచారాన్ని, శాస్త్రాన్ని, చట్టాన్ని విడదీసి చూడగలగాలి. మీలో చాలామంది ఇళ్లలో ఇలాంటి పత్రం ఇప్పటికే ఉంటుంది. కొందరిని రేపో మాపో దానిపై సంతకం పెట్టమని అడుగుతారు. కాబట్టి ఈ పఠనం పరీక్షతో ముగిసిపోయేది కాదు.

2. నేపథ్యం: సరిహద్దు నేల

మనం చూడబోయే రైతు చిత్తూరు, తిరుపతి ప్రాంతపు రైతు. ఈ నేల చాలాకాలంగా సరిహద్దు నేల. కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు వంటి సంస్థానాలు ఇక్కడ ఉండేవి. తర్వాత ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలో, మదనపల్లె వైపు భాగం కడప జిల్లాలో ఉండేది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. 1953 దాకా అది మద్రాసు పాలనలోనే ఉంది. 1960లో సరిహద్దుల సర్దుబాటు జరిగినప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి ప్రత్యేక జిల్లా అయింది.

కుప్పం, రామకుప్పం, వి.కోట వైపు వెళితే ఒకవైపు కర్ణాటక, మరొకవైపు తమిళనాడు తగులుతాయి. నగరి, సత్యవేడు వైపు తమిళనాడు పొలిమేరే. సంబంధాలు కలుపుకొనేటప్పుడు ఈ గీతలను ఎవరూ పట్టించుకోరు. పిల్లను కోలారు వైపు ఇస్తారు, కోడలిని వేలూరు వైపు నుంచి తెచ్చుకుంటారు. కాని ఆస్తి దగ్గరికి వచ్చేసరికి ఆ గీతలకు ప్రాణం వస్తుంది. ఎలాగో ఏడవ భాగంలో చూద్దాం.

రెండో సంగతి నీరు. ఈ ప్రాంతంలో మిట్ట ఎక్కువ, మడి తక్కువ. మిట్ట మీద వేరుసెనగ వానను నమ్ముకుంటుంది. మడిలో వరి, చెరకు బావినీ చెరువునూ నమ్ముకుంటాయి. అందువల్ల ఇక్కడి రైతుకు ఎన్ని ఎకరాలు ఉన్నాయన్న ప్రశ్న సగం ప్రశ్నే. నీళ్లు ఎక్కడివి అన్నది మిగతా సగం.

3. నమూనా పత్రం

నిజమైన కుటుంబాల పత్రాలను బయట పెట్టడం మర్యాద కాదు. అందుచేత ఈ పాఠం కోసం ఒక నమూనాను కూర్చుకున్నాం. ఇందులోని మనుషులు కల్పితం, పద్ధతి మాత్రం వాడుకలో ఉన్నదే.

కుప్పం వైపు ఒక పల్లెలో ఒక రైతు. భార్య, ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. పెద్దకూతురి పెళ్లి 1982లో, చిన్నకూతురి పెళ్లి 1988లో జరిగాయి. 1990లో ఆయన పిత్రార్జితమైన ఆస్తిని పంచుతూ పత్రం రాయించి రిజిస్టరు చేయించాడు. మిట్ట 6 ఎకరాలు, మడి 1 ఎకరం 50 సెంట్లు, మామిడి తోపు 90 సెంట్లు, ఒక బావి, ఇల్లు, పశువుల కొట్టం, 12,000 రూపాయల అప్పు.

ఒక్కొక్క కొడుక్కి 2 ఎకరాల మిట్ట, 50 సెంట్ల మడి, 30 సెంట్ల తోపు వచ్చాయి. ఇంట్లో గదులు విడివిడిగా రాశారు. అప్పు తలా 4,000 పంచుకున్నారు. రైతు తనకంటూ ఏమీ ఉంచుకోలేదు. ప్రతి ముక్కకూ సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల చెక్కుబందీ ఉన్నాయి. ఇవే మూడు పుటలు నిండాయి.

మిగిలిన మూడు సంగతులకు మూడు వాక్యాలు దక్కాయి. బావిని ముగ్గురూ వంతులవారీగా వాడుకోవాలని ఒకటి. తల్లిదండ్రులను ముగ్గురూ పోషించుకోవాలని ఒకటి. కూతుళ్లకు పసుపు కుంకుమల కింద ఇవ్వవలసింది ఇచ్చి పెళ్లిళ్లు చేసినందువల్ల వారికి ఈ ఆస్తిలో ఎలాంటి హక్కూ లేదని ఒకటి.

మూడు పుటలు ఒకవైపు, మూడు వాక్యాలు ఒకవైపు. మన విమర్శ అంతా ఈ తూకం మీదే సాగుతుంది.

4. పత్రం భాష

ముందుగా ఈ రచన గొప్పతనాన్ని ఒప్పుకోవాలి. చెక్కుబందీ రాయడం తేలిక కాదు. తూర్పున ఎవరి చేను, పడమర ఏ వంక, ఉత్తరాన ఏ చింతచెట్టు, దక్షిణాన ఏ బండిబాట అని రాయాలంటే ఆ నేల మీద నడిచి ఉండాలి. అనవసరమైన విశేషణం ఒక్కటి కూడా ఉండదు. ఒక పల్లె నైసర్గిక స్వరూపం ఇంత పొదుపుగా మరెక్కడా దొరకదు.

ఆ తర్వాత హక్కుల వరస వస్తుంది. పాత తరహా దస్తావేజుల్లో నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే అష్టభోగాలు కనిపిస్తాయి. భూమిలో దాగిన ధనం, దాచిన ధనం, నీరు, రాయి, ఇప్పుడున్న ఫలం, రాబోయే ఫలం, సాధించినది, సాధించగలిగినది అని వాటికి స్థూలంగా అర్థం. విజయనగర కాలపు దాన శాసనాల్లోనూ ఈ మాటలే ఉంటాయి. రాజు అగ్రహారం ఇచ్చినప్పుడు వాడిన మాటలు, రైతు తన కొడుక్కి 50 సెంట్ల మడి ఇచ్చేటప్పుడూ వాడుతున్నాడు. భాష అంత దూరం ప్రయాణించింది. ‘పుత్రపౌత్ర పారంపర్యంగా’ అన్న మాట కూడా ఆ కోవలోదే. ఆ సమాసంలో పుత్రుడు, పౌత్రుడు ఉన్నారు. పుత్రిక లేదు. మాటల వరసలోనే ఒక తీర్పు ఇమిడి ఉన్నదని గమనించండి.

దీనికి పక్కన ఇదే ప్రాంతపు ఇంటి భాషను పెట్టి చూడండి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’ చిత్తూరు జిల్లా రైతు కుటుంబం మాట్లాడే మాటల్లోనే నడుస్తుంది. అందులో అమ్మ గొంతు గట్టిగా వినిపిస్తుంది. భాగపత్రంలో అమ్మకు గొంతు లేదు. ‘పోషించుకోవలసినది’ అనే క్రియకు ఆమె కర్మ మాత్రమే. ఒకే రకం ఇల్లు, రెండు రకాల రచన. ఇంటి కథలో వాక్యాన్ని నడిపే మనిషి, ఇంటి పత్రంలో వాక్యం చివర పడిపోయింది.

5. సమానం అంటే ఏమిటి?

ముగ్గురికీ సమానంగా వచ్చిందని పత్రం చెబుతుంది. విస్తీర్ణంలో అది నిజం. విలువలో నిజమేనా?

మన వాళ్లకు ఈ అనుమానం ఎప్పటినుంచో ఉంది. అందుకే పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ముందు ఎంచుకోవాలి అనే పద్ధతి వచ్చింది. పంచేవాడికి చివరి ముక్కే మిగులుతుంది కాబట్టి వాడు ఏ ముక్కనూ పాడు చేయడు. మరికొన్ని చోట్ల చీట్లు వేసి చిన్నపిల్లవాడిచేత తీయిస్తారు. ఈ రెండు పద్ధతుల్లోనూ ఒక తెలివి ఉంది. మనుషుల మంచితనం మీద కాక, పద్ధతి మీద నమ్మకం పెట్టాయి.

సమానత్వం పేరుతో జరిగే అన్యాయానికి మహాభారతమే పెద్ద ఉదాహరణ. ధృతరాష్ట్రుడు పాండవులకు అర్ధరాజ్యం ఇచ్చాడు. కొలతలో సగమే. కాని వారి వంతుకు వచ్చింది ఖాండవప్రస్థం. హస్తినాపురం కౌరవుల దగ్గరే ఉండిపోయింది. తెలుగులో ఆదిపర్వాన్ని చదివిన వారికి ఖాండవదహనం తెలుసు. ఒక అడవి, అందులోని ప్రాణులు కాలిపోయాయి. తర్వాతి కథ అంతా మీకు తెలిసిందే. పంపకంలో ఒకరికి సాగైన నేల, మరొకరికి పొలిమేర అడవి ఇచ్చి రెండూ సగాలేనని అంటే ఏమవుతుందో ఆ గ్రంథం చూపించింది.

మన నమూనా రైతు ఈ విషయంలో ధృతరాష్ట్రుడి కన్నా ఎంతో మెరుగు. మిట్టను వేరుగా మూడు చేశాడు, మడిని వేరుగా మూడు చేశాడు, తోపును వేరుగా మూడు చేశాడు. ఒకడికి మడి అంతా, ఇంకొకడికి మిట్ట అంతా ఇవ్వలేదు. దీనికి ఒక ఖరీదు ఉంది. చేలు చిన్న ముక్కలైపోతాయి. 50 సెంట్ల మడిలో ఎద్దులు తిరగడమే కష్టం. న్యాయానికీ సేద్యానికీ మధ్య పేచీ వస్తే ఈ రైతు న్యాయం వైపు మొగ్గాడు. అప్పును కూడా సమానంగా పంచాడు. తల్లిదండ్రుల తర్వాత కొడుకులు ఆస్తినీ అప్పునూ సమానంగా పంచుకోవాలని యాజ్ఞవల్క్య స్మృతి కూడా చెప్పింది. కొడుకుల మధ్య న్యాయం మట్టుకు ఈ పత్రం మంచి పత్రమే.

6. పంచరానివి: నీరు, బాట

ఇక ఆ మూడు వాక్యాల దగ్గరికి వద్దాం. మొదటిది బావి.

ఇక్కడ మనకు ఒక పాత గ్రంథం తోడు వస్తుంది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు ‘మితాక్షర’ అనే వ్యాఖ్య రాశాడు. ఆయన కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలం వాడు. ఆ చక్రవర్తి 1076 నుంచి 1126 వరకు పాలించాడు. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన ఆ ధర్మశాస్త్రాన్ని ‘విజ్ఞానేశ్వరీయం’ పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ‘ఆంధ్రభాషాభూషణం’ రాసిన కేతనే ఈయన. తెలుగువారికి వ్యాకరణాన్నీ వ్యవహార ధర్మాన్నీ తెలుగులోనే అందించాలనుకున్న కవి.

పంచుకోదగినవి ఏవో చెప్పడంతో మితాక్షర ఆగిపోదు. పంచరానివి కూడా చెబుతుంది. కట్టుకున్న బట్టలు, వండిన అన్నం వంటి వాటితో పాటు ఆ జాబితాలో నీరు ఉంది, బాట ఉంది. నీరంటే బావి వంటి నీటి వనరు. దాన్ని ముక్కలు చేయలేరు, అమ్మి డబ్బు పంచుకోకూడదు, వంతులవారీగా అనుభవించాలి. ఇంటికీ తోటకూ వెళ్లే దారి అందరిదిగా ఉండాలి.

మన నమూనాలో ‘వంతులవారీగా’ అన్న మాట దాదాపు ఆ గ్రంథంలోనిదే. రైతు మితాక్షర చదివి రాయలేదు. అయినా శాస్త్రం, ఆచారం ఒక్క మాట దగ్గర కలిశాయి. కాని ఆ మాటను విప్పి చెప్పడంలో పత్రం విఫలమైంది.

ఎందుకో చూడండి. ఎద్దులు కపిల తోలే రోజుల్లో వంతు అంటే అందరికీ అర్థం ఉండేది. ఈ రోజు వీరి ఎద్దులు, రేపు వారివి. ఎద్దులు ఎంత తోడగలవో అంతే నీరు. ఎద్దుల అలసటే ఒక హద్దు. కరెంటు మోటారు వచ్చాక ఆ హద్దు పోయింది. మోటారు ఎవరిది? సర్వీసు కనెక్షన్ ఎవరి పేరున ఉంది? కరెంటు రాత్రి వస్తే ఆ రాత్రి ఎవరి వంతు? మోటారు కాలితే ఎవరు బాగు చేయించాలి? బావిలో పూడిక ఎవరు తీయించాలి? ఒక తమ్ముడు తన 50 సెంట్లలో బోరు వేస్తే, బావిలోకి ఊరే నీరు తగ్గిపోతే, అప్పుడు వంతు దేన్ని పంచుకోవాలి? 2002లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం కొత్త బోర్లకు అనుమతి అవసరమంది. కాని ఆ చట్టం అన్నదమ్ముల మధ్య కూర్చుని వంతులు చెప్పదు. అది పత్రం చేయవలసిన పని.

ఏటా మారని హద్దురాళ్లకు మూడు పుటలు ఇచ్చి, రోజూ మారే నీటికి ఒక వాక్యం ఇవ్వడం ఈ రచనలో పెద్ద లోపం. ఎండిన నేల మీద తగువు హద్దు దగ్గర కన్నా బావిగట్టు దగ్గర ముందు పుడుతుంది.

7. తల్లి, కూతురు: ‘లోకం’ అంటే ఎవరు?

రెండో వాక్యం తల్లిదండ్రుల పోషణ. ఎవరి దగ్గర ఎన్ని నెలలు, ఎంత ధాన్యం, వైద్యం ఖర్చు ఎవరిది, ఏమీ లేదు. తండ్రి తన భాగం ఉంచుకోకపోవడాన్ని త్యాగమని మెచ్చుకోవడం మన అలవాటు. విమర్శకులుగా మీరు అక్కడ ఒక క్షణం ఆగాలి. ఆయన తన భాగంతో పాటు భార్య భద్రతను కూడా వదిలేశాడు. ఆమెను అడిగినట్లు పత్రంలో ఎక్కడా లేదు.

విచిత్రమేమంటే శాస్త్రం ఆమెను పూర్తిగా మరచిపోలేదు. తండ్రి బతికుండగా కొడుకులకు సమంగా పంచితే, స్త్రీధనం పొందని భార్యకు కూడా కొడుకుతో సమానమైన భాగం ఇవ్వాలని యాజ్ఞవల్క్యుడు చెప్పాడు. తండ్రి పోయాక కొడుకులు పంచుకుంటే తల్లికి సమాన భాగం ఉంటుంది. పెళ్లి కాని అక్కచెల్లెళ్లకు నాలుగో వంతు ఇవ్వాలన్న మాట పెళ్లి ఖర్చుకే సంబంధించింది కాదని, అది భాగమేనని విజ్ఞానేశ్వరుడు వాదించాడు. అయితే దక్షిణ భారతంలో స్త్రీలకు భాగం ఇచ్చే ఆచారం వాడుక తప్పిపోయిందని మద్రాసు న్యాయస్థానాలు భావించాయి. గ్రంథంలో ఉన్న భాగం ఆచరణలో మాయమైంది.

ఇక్కడే ఈ పాఠంలోని ముఖ్యమైన ప్రశ్న ఉంది. పెద్దకొడుక్కి ఎక్కువ ఇచ్చే జ్యేష్ఠభాగం కూడా పాత శాస్త్రంలో ఉంది. విజ్ఞానేశ్వరుడు దాన్ని ఒప్పుకొంటూనే, లోకం దాన్ని ద్వేషిస్తుంది కాబట్టి ఆచరించరాదని తేల్చాడు. శాస్త్రం కన్నా లోకం మాటకు విలువ ఇచ్చిన గొప్ప ఘట్టం అది. అదే తర్కంతో తర్వాతి కాలంలో తల్లి భాగం కూడా పోయింది. లోకంలో వాడుక లేదన్నారు. మొదటిసారి లోకం అంటే అన్నతో సమానంగా కావాలన్న తమ్ముళ్లు. వారు అడగగలిగారు, అలగగలిగారు, తగువు పెట్టుకోగలిగారు. రెండోసారి లోకం అంటే ఎవరు? తనకు భాగం వద్దని తల్లి ఏ పంచాయితీలో చెప్పింది? పంచాయితీలో కూర్చున్న పెద్దమనుషుల్లో ఆమె లేదు. మాట్లాడే చోటు ఉన్నవారి అయిష్టం ఆచారమైంది, చోటు లేనివారి నష్టం కూడా ఆచారమే అయింది. ‘మా వైపు ఆనవాయితీ’ అన్న మాట మీకు ఎదురైనప్పుడు, ఆ ఆనవాయితీని ఎవరు కూర్చుని నిర్ణయించారో అడగండి.

చట్టం నెమ్మదిగా ఈ లోటు పూడ్చుతూ వచ్చింది. 1937 చట్టం వితంతువుకు భర్త వాటాలో జీవితకాలపు హక్కు ఇచ్చింది. వ్యవసాయ భూమికి అది మద్రాసు రాష్ట్రంలో 1947లో విస్తరించింది. 1956 హిందూ వారసత్వ చట్టం స్త్రీ ఆస్తిని పూర్తి హక్కుగా మార్చింది. కాని పుట్టుకతో వచ్చే ఉమ్మడి హక్కు కొడుకులకే మిగిలింది.

ఇప్పుడు మూడో వాక్యం, కూతుళ్లు. ఈ వాక్యమే మన రైతును నిజంగా సరిహద్దు రైతును చేస్తుంది.

ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ చట్టం, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చేలా, కూతురిని కూడా కొడుకుతో సమానంగా పుట్టుకతోనే ఉమ్మడి హక్కుదారును చేసింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. తమిళనాడులో ఇలాంటి హక్కు 1989 మార్చి 25 నుంచి వచ్చింది. కర్ణాటకలో 1994 జూలై 30 నుంచి వచ్చింది. కుప్పం నుంచి కొన్ని మైళ్ల లోపల మూడు రాష్ట్రాలు, మూడు తేదీలు. ఒకే కులం, ఒకే ఆచారం, ఒకే పంట. కాని 1988లో పెళ్లయిన కూతురికి ఇటువైపు ఆస్తిలో పుట్టుహక్కు ఉంది, అటువైపు అలాంటి ఇంటి కూతురికి లేదు.

మన పత్రాన్ని ఈ వెలుగులో మళ్లీ చదవండి. పెద్దకూతురి పెళ్లి 1982లో జరిగింది. 1990 నాటి చట్టం ప్రకారం ఆమెకు ఉమ్మడి హక్కు లేదు. చిన్నకూతురి పెళ్లి 1988లో జరిగింది. ఆమెకు ఉంది. పిత్రార్జితం కాబట్టి తండ్రి, ముగ్గురు కొడుకులు, చిన్నకూతురు కలిపి ఐదు సమాన భాగాలు కావాలి. పత్రం మూడు భాగాలే చేసింది. ‘కూతుళ్లిద్దరికీ ఎలాంటి హక్కూ లేదు’ అన్న వాక్యం ఒకరి విషయంలో అప్పటి చట్టాన్ని చెప్పింది, మరొకరి విషయంలో అబద్ధం చెప్పింది. ఇద్దరినీ ఒకే బహువచనంలో కలిపేయడం వల్ల ఆ అబద్ధం కనిపించకుండా పోయింది.

2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్లితో నిమిత్తం లేకుండా దేశమంతటా కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. సరిహద్దు గీతలు ఆ విషయంలో చెరిగిపోయాయి. తండ్రి ఆ తేదీనాటికి బతికి ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో స్పష్టం చేసింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పత్రంతో లేదా కోర్టు డిక్రీతో జరిగిన పంపకాలను ఆ సవరణ తిరగదోడదు. నోటిమాటగా జరిగిందని చెప్పే పంపకాలను కోర్టులు తేలిగ్గా ఒప్పుకోవు. అందువల్ల ఒక భాగపత్రం చదివేటప్పుడు రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ కూడా పాఠంలో భాగమే. మన నమూనా 1990లో రిజిస్టరైంది కాబట్టి 2005 సవరణ పెద్దకూతురికి తలుపు తెరవదు. అదే కుటుంబం తెల్లకాగితం మీద రాసుకుని ఊరుకుని ఉంటే ఆమె పరిస్థితి వేరుగా ఉండేది.

పసుపు కుంకుమల కింద ఇచ్చామన్న వాదన మీ మనసులో మెదులుతూ ఉంటుంది. దాన్ని కొట్టిపారేయనక్కరలేదు. కొన్ని కుటుంబాలు ఆ పేరుతో కూతురికి నిజంగానే భూమి రాసి ఇచ్చాయి. కాని మన పత్రం ఏమి ఇచ్చిందో చెప్పలేదు. కొడుకు 30 సెంట్ల తోపుకు నాలుగు దిక్కులు రాసిన లేఖరి, కూతురికి ఇచ్చినదాన్ని ‘ఇవ్వవలసింది’ అని వదిలేశాడు. కొలత లేని ఇవ్వడాన్ని ఎవరూ లెక్క చూడలేరు.

8. ఇల్లటం: శ్రమకు భాగం

కూతురి పక్షాన ఆస్తి కదలడం ఈ సీమకు కొత్తదనుకుంటే పొరపాటు. రాయలసీమ, నెల్లూరు ప్రాంతాల్లో రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఇల్లటం అనే ఆచారం ఉండేది. సేద్యానికి చేయి చాలని రైతు అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుని, వ్యవసాయంలో తోడుగా ఉన్నందుకు కొడుకుతో సమానంగా భాగం ఇస్తానని ఒప్పుకుంటాడు. మద్రాసు హైకోర్టు 1881లోనే ఈ ఆచారాన్ని గుర్తించింది. ఇల్లటపు అల్లుడు పుట్టింటి హక్కు కోల్పోడు. దత్తతకూ దీనికీ ఉన్న తేడా అదే.

అడవి కొట్టి, రాళ్లు ఏరి, బావి తవ్వి నేలను సాగులోకి తెచ్చే చోట మనిషి చేయి భూమి కన్నా అరుదు. అలాంటి చోట రక్తసంబంధం కన్నా శ్రమ హక్కును నిర్ణయించింది. ఇది గొప్ప సూత్రం. అయితే దాన్ని కూడా మొదలంటా పరిశీలించాలి. అల్లుడి శ్రమకు భాగం ఉంది. అదే పొలంలో పెళ్లికి ముందు పదేళ్లు కలుపు తీసి, వేరుసెనగ పీకి, పశువులను మేపిన కూతురి శ్రమకు ఏ భాగం ఉంది? అల్లుడు వస్తే ఆమె ద్వారా ఆస్తి కదిలింది, ఆమె చేతికి మాత్రం రాలేదు. శ్రమకు భాగం ఇవ్వాలనే సూత్రాన్ని మన పెద్దలు కనుక్కున్నారు, దాన్ని చివరిదాకా నడిపించలేదు.

9. తీర్పు

భాగపత్రాన్ని మొత్తంగా ఎలా అంచనా వేయాలి? ఆ రైతును దుర్మార్గుడని తీర్మానించడం సులువు, కాని అది విమర్శ కాదు. కొడుకుల మధ్య ఆయన చూపిన జాగ్రత్త చాలా పెద్దది. మిట్ట, మడి, తోపు వేర్వేరుగా పంచాడు. అప్పు దాచలేదు. తనకు ఏమీ ఉంచుకోలేదు. ఈ జాగ్రత్తే ఆయనపై మనం పెట్టే కొలబద్ద. ఇంత నిక్కచ్చిగా ఉండగలిగిన మనిషి నీటి దగ్గర, భార్య దగ్గర, కూతురి దగ్గర ఆ నిక్కచ్చితనాన్ని వదిలేశాడు. చేతకాక కాదు. ఆ మూడింటినీ ఆస్తి లెక్కలో కాక, ఇంటివారి మంచితనం లెక్కలో వేశాడు.

అన్నదమ్ముల విషయంలో మన పెద్దలు మంచితనాన్ని నమ్మలేదని ఐదవ భాగంలో చూశాం. పంచేవాడే చివర ఎంచుకోవాలన్నారు. ఆ తెలివినే తల్లి, కూతురు, బావి విషయంలోనూ వాడి ఉంటే ఆ మూడు వాక్యాలు మూడు పేరాలయ్యేవి. తల్లికి జీవితాంతం అనుభవించే మడి ముక్క ఒకటి విడిగా రాసేవారు. మోటారు, కరెంటు, పూడిక ఖర్చులు, వంతుల రోజులు రాసేవారు. కూతురికి ఇచ్చింది ఏదో కొలతతో రాసి, ఆమెకు చదివి వినిపించేవారు.

భాగపత్రం మంచిదో కాదో తేల్చడానికి హద్దులు ఎంత సరిగ్గా ఉన్నాయో చూడటం చాలదు. పంచడానికి వీలుకాని వాటిని, పంచాయితీలో కూర్చోని వారిని అది ఎలా చూసిందో చూడాలి.

10. మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ. ‘వంతులవారీగా’ అనే మాట కపిల కాలంలో సరిపోయి, మోటారు కాలంలో ఎందుకు సరిపోలేదో మీ ఊరి అనుభవంతో పది పంక్తుల్లో రాయండి.

ఆ. జ్యేష్ఠభాగం పోవడం, తల్లి భాగం పోవడం రెండూ లోకాచారం పేరుతోనే జరిగాయి. ఈ రెండింటి మధ్య తేడాను చర్చించండి.

ఇ. మీ ఇంట్లో లేదా బంధువుల ఇంట్లో ఉన్న ఒక భాగపత్రాన్ని వారి అనుమతితో చదవండి. పేర్లు రాయకండి. కొడుకుల భాగాలకు ఎన్ని పంక్తులు, నీటికి ఎన్ని, తల్లికి ఎన్ని, కూతుళ్లకు ఎన్ని ఉన్నాయో లెక్కించి పట్టిక వేయండి. ఆ పట్టికే మీ విమర్శకు తొలి ఆధారం.

ఈ. మీ సంతకం కోరుతూ ఒక భాగపత్రం మీ ముందుకు వచ్చిందనుకోండి. సంతకానికి ముందు మీరు అడగవలసిన ఐదు ప్రశ్నలు రాసుకోండి. వాటిలో ఒకటైనా ఆ గదిలో లేని మనిషి గురించి ఉండాలి.